పాత మిక్సరులో కొత్త భాగములు

హైదరాబాదు నుండి బిజాపూరు పోవు దారిలో మొయినాబాదు దాటగానే రోడ్డునకు ఇరుప్రక్కల పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపించును. వాటి నీడను పట్టుకొని చేవెళ్ల వైపు సాగినచో కనకమామిడి వచ్చును. గత మాఘమాసములో ఆ ఊరిలో ఒక పెండ్లికి పోయినాను. పురోహితుడు మంత్రము ఆపినప్పుడెల్ల లౌడుస్పీకరులలో నుండి 'గుం' అను రొద ఒకటి ఎడతెగక వినిపించుచుండెను. సన్నాయి ఊదునప్పుడు అది మరుగున పడును. సన్నాయి ఆగగానే మరల పైకి వచ్చును.

చాలకాలము భౌతికశాస్త్రము బోధించిన వానికి ఇటువంటి రొద చెవిని పడినచో భోజనము సయించదు. మైకుసెట్టు నడుపు యువకుని వద్దకు పోయి సంగతి అడిగినాను.

"ఐసీలన్నీ మార్చిన సార్. కోఠికి పోయి మంచియి తెచ్చి ఏసిన. అంతకుముందు జరంత మోగుతుండె, ఇప్పుడు ఇంకెక్కువైంది" అన్నాడు.

అతని ముందున్నది పదునారు మైకులను తగిలించుటకు వీలైన మిక్సరు. నగరములో ఒకరు వాడి వదలిన దానిని అప్పు చేసి కొన్నాడు. ముందున్న నాలుగు పెండ్లిళ్లకు బయానా తీసుకొని ఉన్నాడు. రొద పోనిచో ఆ బయానాలు తిరిగి ఇచ్చుకొనవలసినదే. మరుసటి ఆదివారము ఆ మిక్సరును అతని ఇంటి అరుగు మీద విప్పినాము. ఉన్నత పాఠశాల పిల్లలు నలుగురైదుగురు చుట్టును చేరినారు.

అక్కడ ఏమి తేలినదో చెప్పుటకు ముందు, ఆ పెట్టెలోని భాగములు ఎక్కడనుండి వచ్చినవో కొంత చెప్పవలెను. ఒక భాగము ఏ అవసరము కొరకు పుట్టినదో తెలియక దానిని మార్చినవానికి లాభము కలుగుట అదృష్టము మీద ఆధారపడి ఉండును.

రేడియో మొదటి దినములలో మిక్సరుతో పని తక్కువ. ఒక మైకు, దాని ముందు ఒక గాయకుడు, అంతే. మన దక్షిణదేశములో ఆ పని ఔత్సాహికుల చేతనే ఆరంభమైనది. 1924 మే 16వ తేదీన చెన్నపట్నములో సి. వి. కృష్ణస్వామి చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించినాడు. జూలై 31న ప్రసారము మొదలైనది. ప్రసారయంత్రపు శక్తి 40 వాట్లు. నేడు మన ఇంటిలోని పాతకాలపు బల్బు ఒకటి అంతకన్న ఎక్కువ మింగును! ధనము చాలక ఆ క్లబ్బు 1927లో పని ఆపి, తన యంత్రమును మద్రాసు కార్పొరేషనునకు అప్పగించినది. కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుండి ప్రసారములు సాగించినది. అనగా ఈ ప్రాంతపు రేడియో చరిత్రలో రెండవ అధ్యాయమే ఒకరు వాడిన యంత్రముతో మొదలైనదన్న మాట. హైదరాబాదులోనూ అంతే. అక్కడ మహబూబ్ అలీ అను ఆయన పూనికతో 200 వాట్ల చిన్న కేంద్రము వెలసినది. 1935లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోకి తీసుకొన్నది. 1939లో సరూర్‌నగరులో 5 కిలోవాట్ల యంత్రము వచ్చినది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆకాశవాణిలో కలిసినది.

నాటకములు, వాద్యబృందములు వచ్చిన తరువాత ఒక మైకు చాలదయ్యెను. ఇక్కడనే చిక్కు మొదలు. రెండు మైకుల తీగలను ఊరక ముడివేసినచో ఒకదానిలోని విద్యుత్తు బయటకు పోవుటకు బదులు రెండవ మైకులోనికి పారును. ఒకే పైపునకు రెండు కుళాయిలు పెట్టి, ఒకటి విప్పగానే రెండవది సన్నగిల్లుట మనము చూచుచునే ఉన్నాము. ఇదియు అట్టిదే. దానిని నివారించుటకు ఒక్కొక్క తీగలో ఒక్కొక్క నిరోధకమును అడ్డు పెట్టినారు. తగవు తగ్గినది గాని శబ్దము కూడ తగ్గినది. తగ్గిన దానిని వాల్వులతో మరల పెంచవలసి వచ్చినది. అయినను ఒక మీట త్రిప్పినచో ప్రక్క మైకు స్థాయి కొంచెము కదలుచునే ఉండును. ఆనాటి మీటలు గుండ్రనివి. వ్రేలితో పైకి క్రిందికి జరుపు నిలువు మీటలను 1950ల చివరలో రికార్డింగు పనిలోనికి తెచ్చినవారిలో అమెరికాకు చెందిన టామ్ డౌడ్ ముఖ్యుడు. గుండ్రని మీటలు రెండు చేతులకు రెండే అందును. నిలువు మీటలు పది వ్రేళ్లకు పది అందునని ఆయన గ్రహించినాడు. ఆయన చదివినది భౌతికశాస్త్రము.

తగవులేని కూడిక మాత్రము సంగీతశాలలో పుట్టలేదు. అది టెలిఫోను కంపెనీలోను, యుద్ధములోను పుట్టినది.

దూరపు టెలిఫోను తీగలపై మాటను మాటిమాటికి పెంచవలెను. పెంచిన ప్రతిసారియు అది కొంత వికృతమగును. బెల్ ప్రయోగశాలలలో పనిచేయు హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న ఉదయము పనికి పోవుచు హడ్సన్ నదిపై పడవలో ఉండగా దీనికి ఉపాయము తోచి, చేతిలోని వార్తాపత్రిక మీదనే బొమ్మ గీసికొన్నాడు. యంత్రము నుండి బయటకు వచ్చిన దానిలో కొంత భాగమును తలక్రిందులు చేసి మరల మొదటికి పంపుట ఆ ఉపాయము. దీనిని ఋణ పునర్నివేశము అందురు. తప్పు చేసిన విద్యార్థికి తన తప్పునే ఎదుట చూపి దిద్దించినట్లు, యంత్రము తన వికృతిని తానే కొట్టివేసికొనును. ఇంత సులభమైనదానిని నమ్మువారు దొరకలేదు. పేటెంటు చేతికి వచ్చుటకు 9 సంవత్సరములు పట్టినది.

1941లో అదే ప్రయోగశాలలకు చెందిన కార్ల్ స్వార్ట్‌జెల్ ఈ ఉపాయముతో ఒక కూడిక యంత్రమును నిర్మించినాడు. అనేక వోల్టేజీలను ఒక్కొక్క నిరోధకము ద్వారా ఒకే బిందువునకు తెచ్చును. పునర్నివేశము వలన ఆ బిందువు వోల్టేజి ఎల్లప్పుడు సున్న వద్దనే నిలిచి ఉండును. సున్న వద్ద ఉన్న బిందువు నుండి ప్రక్క తీగలోనికి పారుట అనునది జరుగదు గదా! కనుక ఎన్ని తీగలు కలిపినను ఒకదానికొకటి అడ్డురావు. వచ్చిన మొత్తము నిక్కమైన కూడిక. శత్రువిమానముపై గురిపెట్టుటకు కావలసిన లెక్కలు చేయు ఎమ్-9 అను ఫిరంగి నిర్దేశకములో ఇట్టి యంత్రములను వాడినారు. 1944లో ఇంగ్లండుపైకి వచ్చిన మానవరహిత జర్మను బాంబులను కూల్చుటలో అది పనిచేసినది. నేడు పెండ్లిపందిరిలో పురోహితుని మంత్రమును, డోలును, సన్నాయిని కలుపు బిందువు ఆ ఫిరంగి లెక్కల నుండి దిగివచ్చినదే.

ఈ జాతి యంత్రములకు 'ఆపరేషనల్ యాంప్లిఫయరు' అను పేరు 1947లో వచ్చినది. కూడిక, తీసివేత మొదలగు గణితక్రియలు చేయుట వలన ఆ పేరు. 1952లో జార్జి ఫిల్‌బ్రిక్ రెండు వాల్వులతో దానిని చేతిలో ఇముడు పెట్టెగా చేసి అమ్మినాడు. 1965లో బాబ్ విడ్లర్ రూపొందించిన 709, 1968లో డేవిడ్ ఫుల్లగార్ రూపొందించిన 741 దానిని వ్రేలిగోరంత ఐ.సి.గా మార్చివేసినవి. 741 చవక, పాడగుట అరుదు, కాని దానిలో బుస ఎక్కువ, వేగము తక్కువ. 1970ల చివరలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఎల్. 072, సిగ్నెటిక్స్ వారి ఎన్.ఇ. 5532 వచ్చిన తరువాత మిక్సరులు సామాన్యులకు అందినవి. మన యువకుడు తీసివేసినవి 072లు, పెట్టినవి 5532లు. మొత్తము నలుబది.

పరికరములను ఇంటిలో విప్పి బాగుచేసికొను అలవాటు కూడ యుద్ధముతోనే విస్తరించినది. యుద్ధము ముగియగానే మిగిలిన వాల్వులు, కండెన్సరులు తక్కువ ధరకు సంతకు వచ్చినవి. అమెరికాలో హీత్ కంపెనీ 1947లో అట్టి సామానుతో ఆసిలోస్కోపు విడిభాగముల పెట్టెను అమ్మజొచ్చినది, కొన్నవారే అతుకుకొనవలెను. మన దేశములో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో వాల్వులను, ట్రాన్సిస్టరులను తయారుచేసిన తరువాత రేడియో మరమ్మతు దుకాణములు చిన్న పట్టణములకు కూడ వ్యాపించినవి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో నేటికిని టంకపుతీగ మొదలు ఐ.సి. వరకు దొరకును. అక్కడకు పోయినవానికి ఒక్కొక్కసారి అవసరము లేనివి కూడ దొరకును.

ఇక బుస సంగతి. ఏ శబ్దమును లేనప్పుడు లౌడుస్పీకరులో వినబడు పాముబుస వంటి ధ్వనిని 1920లలో బెల్ ప్రయోగశాలలలో జాన్ జాన్సన్ కొలిచినాడు. హ్యారీ నైక్విస్ట్ దానికి లెక్క కట్టినాడు. ఇద్దరును స్వీడను నుండి వలసవచ్చినవారు. ఇద్దరి వ్యాసములును 1928లో వెలువడినవి. వారు చూపినది ఇది: నిరోధకము ఏ లోహముతో చేసినను, ఎంత శ్రద్ధగా చేసినను, దానిలోని ఎలక్ట్రానులు ఉష్ణము వలన అల్లల్లాడుచునే ఉండును. ఆ అల్లాటయే బుస. దానిని ఏ కంపెనీయు తొలగించలేదు. 150 ఓముల మైకులో, మానవుని చెవికి వినిపించు పౌనఃపున్యములన్నిటికి కలిపి, ఇది సుమారు 0.22 మైక్రోవోల్టులు. స్వల్పమే. కాని మైకు మీటను గట్టిగా త్రిప్పి వేయిరెట్లు పెంచినచో 220 మైక్రోవోల్టులగును.

ఇప్పుడు పిల్లలకు వేసిన లెక్క చూడుడు. మైకు వెంటనే ఉండు మొదటి దశ తరువాత వచ్చు ఒక 072 ఐ.సి. తన వంతుగా కలుపు బుస సుమారు 2.5 మైక్రోవోల్టులు. 5532 పెట్టినచో అది 1 మైక్రోవోల్టునకు లోపు. 220 ఉన్నచోట రెండున్నరను ఒకటి చేసినందువలన ఎవరి చెవికి తెలియును? పైగా బుసలు మాటల వలె కూడవు. ఒకే స్వరము రెండు తీగలలో వచ్చినచో రెండింతలగును. కాని వేరువేరు బుసలు రెండు కలిసినచో రెండింతలు కాదు, 1.4 రెట్లే అగును. వర్గములను కూడి వర్గమూలము తీయవలెను. భుజములు 220, 2.5 గల లంబకోణ త్రిభుజపు కర్ణము ఎంతయో తొమ్మిదవ తరగతి బాలుడు చెప్పినాడు: 220.01. ముప్పదియారు ఐ.సి.ల ఖర్చు ఆ దశాంశ స్థానములలో పోయినది.

నలుబదిలో మిగిలిన నాలుగింటి మాట వేరు. అవి పదునారు మైకులను కలుపు కూడిక బిందువుల వద్ద ఉన్నవి. అక్కడ ఐ.సి. తన సొంత బుసను పదునేడు రెట్లు పెంచి చూపును. కలిసిన తీగల సంఖ్యకు ఒకటి కలిపినచో వచ్చు రెట్టింపు అది. 072 అయినచో ఆ వంతు సుమారు 43 మైక్రోవోల్టులు, 5532 అయినచో సుమారు 12. మైకులన్నియు దగ్గరగా పెట్టి మీటలు తక్కువగా త్రిప్పిన వేళ, ముఖ్యముగా భజనను రికార్డు చేయునప్పుడు, ఈ భేదము వినబడును. పందిరిలో, పిల్లల కేకల నడుమ, అదియు వినబడదు.

బుస ఇట్లుండగా, రొద ఎందుకు పెరిగినది?

మన కరెంటు క్షణమునకు 50 మారులు ఊగును. మైకుతీగ ప్రక్కన కరెంటుతీగ పోయినను, ఎర్తు దారులు రెండయి చుట్టుకొన్నను 50 ఊగుల రొద వచ్చును. పెట్టెలోపల రెక్టిఫయరు వెనుకనున్న కండెన్సరు చెడినచో 100 ఊగుల రొద వచ్చును. ఏలయనగా రెక్టిఫయరు ప్రతి ఊగులోని రెండు సగములను ఒకవైపునకు త్రిప్పును. హార్మోనియము తెలిసినవానికి ఇది సులభము: రెండవది మొదటిదానికి పై స్థాయి షడ్జము. ఆ పిల్లలలో భజనలో పాడు బాలిక ఒకతె ఉన్నది. రెండు రొదలను వినిపించగా ఒక్క నిమిషములో తేడా పట్టి, "ఇది పై సా" అన్నది. దోషము పెట్టెలోపలనే ఉన్నదని తేలినది.

కరెంటుపెట్టెలో 4700 మైక్రోఫారడులని వ్రాసిన కండెన్సరులు ఉన్నవి. మీటరు పెట్టగా సుమారు 1000 చూపినది. ఇక లెక్క సులభము. కండెన్సరు క్షణమునకు 100 మారులు నిండును. నిండుటకును నిండుటకును నడుమ సుమారు నూరవవంతు క్షణము అదియే మిక్సరును పోషించవలెను. పాత ఐ.సి.లు ఉన్నప్పుడు మిక్సరు త్రాగినది సుమారు 0.3 ఆంపియరు. ఆ కాలములో ఖర్చగు ఆవేశము 0.003 కులూములు, దానిని 0.001 ఫారడుతో భాగించినచో 3 వోల్టులు. అనగా కండెన్సరుపై వోల్టేజి 3 వోల్టుల ఎత్తున అలలాడును. దాని తరువాత ఉన్న రెగ్యులేటరు ఆ అలను ఎట్లో అణచుచుండినది. 072 జత సుమారు 2.8 మిల్లీ ఆంపియరులు త్రాగును, 5532 జత 8. నలుబదింటికి కలిపి 0.2 ఆంపియరు అదనము. ఇప్పుడు అల ఎత్తు 5 వోల్టులు! అల పల్లములో ఉన్నప్పుడు రెగ్యులేటరునకు కావలసిన కనీసపు వోల్టేజి అందదు, అది చేతులెత్తివేయును. క్షణమునకు 100 మారులు చేతులెత్తివేయును. అదే మేము పెండ్లిలో విన్న రొద.

"అంటే మంచి ఐసీలు ఏసుడే తప్పయిందా సార్?" అని ఆ యువకుడు అడిగినాడు. ఐ.సి.లు మంచివే. ఎండిన చెరువు క్రింద వరి వేసినట్లయినదని చెప్పినాను. కొత్త 4700 కండెన్సరులు రెండు పెట్టగానే అల ఒక వోల్టునకు దిగినది, రొద పోయినది. వాటి ధర మార్చిన ఐ.సి.ల ధరలో చిన్న పాలు.

ఎలక్ట్రొలిటిక్ కండెన్సరు ఎందుకు ఎండునో కూడ తెలిసికొనవలెను. అల్యూమినియము రేకుపై ఏర్పడు పలుచని ఆక్సైడు పొరను విద్యుత్తు దాచుటకు వాడవచ్చునని పోలండుకు చెందిన కారొల్ పొలాక్ 1896 ప్రాంతమున గ్రహించినాడు. ఆ పొర మందము ఒక వోల్టునకు మిల్లీమీటరులో పదిలక్షల వంతు కన్న కొంచెము ఎక్కువ. అంత పలుచన కనుకనే చిన్న డబ్బాలో అంత ఆవేశము ఇముడును. కాని పొరకు రెండవ ప్రక్కన రేకు అంటుకొనదు. ఒక ద్రవము అంటుకొని ఉండవలెను. 1925లో శామ్యూల్ రూబెన్ ఆ ద్రవమును ముద్దగా చేసి 'పొడి' కండెన్సరు అన్నాడు. పేరునకే పొడి. తడి ఆరిననాడు దాని పని సరి. వేడి పది డిగ్రీలు పెరిగినచో ఆయుర్దాయము సగమగునని ఇంజనీరుల లెక్క. 85 డిగ్రీల వద్ద 2000 గంటలు పనిచేయునది 65 వద్ద 8000, 45 వద్ద 32,000 గంటలు పనిచేయును. మే నెలలో రేకుకప్పు బండిలో చేవెళ్ల రోడ్డున తిరుగు మిక్సరులోపల వేడి ఎంత ఉండునో మీరే ఊహింపుడు. చిత్రమేమనగా అదే ఎండ బుసను ఏమియు చేయదు: 20 డిగ్రీల నుండి 40కి పెరిగినను నిరోధకపు బుస నూటికి మూడు, నాలుగు పాళ్లు మాత్రమే హెచ్చును. వాడిన మిక్సరు 1999-2007 నడుమ తయారైనదైనచో మరికొంత జాగ్రత్త అవసరము. ఆ కాలమున లోపభూయిష్టమైన ద్రవము నింపిన కండెన్సరులు ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటరులలోను ఇతర యంత్రములలోను ఉబ్బి పగిలినవి.

రొద పోయిన తరువాత 'చిటపట' మిగిలినది. దానికి రెండు కారణములు కనబడినవి. మొదటిది నవ్వు తెప్పించునది: నిలువు మీటల సందులలో పసుపు అంటిన బియ్యపుగింజలు. ఎన్ని జంటలకు పోసిన అక్షింతలో! బ్రష్షుతో తుడిచి, కాంటాక్టు క్లీనరు కొట్టి, కొన్ని మీటలు మార్చినాము. రెండవ కారణము ఐ.సి. మార్పిడిలోనే ఉన్నది. 5532 తన నోటి వద్ద సుమారు 200 నానో ఆంపియరుల ప్రవాహమును తీసికొనును. 072 దాదాపు ఏమియు తీసికొనదు. ఆ ప్రవాహము 10 కిలో ఓముల మీట గుండా పోవునప్పుడు 2 మిల్లీవోల్టుల కదలని వోల్టేజి ఏర్పడును. మీటను జరిపినప్పుడెల్ల అది గీరినట్లు వినబడును. 072 కొరకు గీసిన మిక్సరులో 5532 పెట్టునప్పుడు దీనిని ఆపు కండెన్సరు లేనిచో అంతే.

మైకు తగిలించుచోట కూడ అతడు కొన్ని కండెన్సరులను మార్చి ఉన్నాడు. వాటిపై 25 వోల్టులని ఉన్నది. కొన్నిరకముల మైకులకు మిక్సరే 48 వోల్టులు అందించును. నార్వే రేడియోవారి స్టూడియోలలో అత్యవసర దీపములకు 48 వోల్టుల ఏర్పాటు ఉండుటచే, 1966లో నాయ్‌మన్ కంపెనీ తన మైకును దానికి సరిపడ చేసినది. ఆ అంకెయే లోకమంతట స్థిరపడినది. నార్వే దీపముల అంకె కనకమామిడి అరుగు మీద మా పనికి వచ్చినది: 48 వోల్టుల చోట 25 వోల్టుల కండెన్సరు కారుచు చిటపటలాడుచున్నది. 63 వోల్టులవి పెట్టినాము.

ఇంతవరకు చెప్పినవి ధననష్టములు. పెట్టె మూయబోవుచు చూడగా కరెంటు ప్లగ్గులో మూడవ పిన్ను లేదు. లావుగా ఉండు ఎర్తు పిన్ను. అతడే కోసినాడు. "అది తీసేస్తే మోత తగ్గుతది సార్, అందరు గట్లనే చేస్తరు" అన్నాడు.

నిజమే, ఒకరకపు రొద తగ్గును. మిక్సరు ఒక చోట, యాంప్లిఫయరు మరియొక చోట వేరువేరు ప్లగ్గుల నుండి కరెంటు తీసికొనినచో, రెండు ఎర్తుతీగలును మైకుతీగల పైపొరయు కలిసి పెద్ద ఉచ్చు వలె ఏర్పడును. దానిలో 50 ఊగుల ప్రవాహము తిరుగును. పిన్ను కోసినచో ఉచ్చు తెగును. కాని దానితోపాటు ప్రాణరక్షణ కూడ తెగును. లోపలి ట్రాన్సుఫార్మరు పొర చెడి 230 వోల్టులు పెట్టెకు తగిలినచో, ఎర్తు ఉన్నప్పుడు ఫ్యూజు పోవును. ఎర్తు లేనప్పుడు ఆ వోల్టేజి మైకుతీగ పైపొర మీదుగా ఇనుపమైకు వరకు పోయి నిలుచును. తడి నేల మీద వట్టికాళ్లతో నిలిచి మైకు పట్టుకొనువాడు పెండ్లికొడుకు కావచ్చును, పురోహితుడు కావచ్చును. 10, 15 మిల్లీ ఆంపియరులు పారినచో పట్టిన చేయి విడువలేదు. అంతకు కొన్ని రెట్లు గుండె గుండా పారినచో గుండె లయ తప్పును. ప్రాణము కాపాడు స్విచ్చులను 30 మిల్లీ ఆంపియరులకే తెగునట్లు చేయుట అందువలననే.

రొదకు సరియైన మందులు పాతవే ఉన్నవి. రెండు తీగలను పెనవేసి వాటిలో ఎదురెదురుగా మాటను పంపినచో బయటి రొద రెండింటిలో సమానముగా చేరి తీసివేతలో పోవునని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసికొన్నాడు. మంచి మైకుతీగలలో నేటికిని ఉన్నది ఆ జంటయే. తీగపై అల్లిన పొరను మిక్సరులోపల ఎక్కడ కలుపవలెను అను ప్రశ్నకు 1990ల మధ్యలో నీల్ మన్సీ సమాధానము చెప్పినాడు: లోపలి పలకకు గాక, ప్రవేశద్వారము వద్దనే లోహపు పెట్టెకు కలుపవలెను. లోపలకు తెచ్చినచో పొర మోసికొనివచ్చిన రొదను మనమే ఇంటిలోనికి పిలిచినట్లగును. మా మిక్సరులో నాలుగు చోట్ల అట్లే ఉన్నది. పొట్టి తీగముక్కలతో సరిచేసినాము. మూడు పిన్నుల కొత్త ప్లగ్గు పెట్టి, మిక్సరునకును యాంప్లిఫయరునకును ఒకే పలక నుండి కరెంటు తీసికొమ్మని చెప్పినాను. అట్లు చేసినచో ఉచ్చు చాల చిన్నదగును.

విద్యార్థులకు ఒక మాట. ఈ పనియంతయు ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, పెద్ద కండెన్సరులలోని ఆవేశము దిగువరకు ఆగి, మీటరుతో చూచుకొని చేసినాము. ట్రాన్సుఫార్మరు వైపు పిల్లల చేయి పోనీయలేదు.

నలుబది ఐ.సి.లను అతడు సాకెట్లలో పెట్టి ఉండుట మా అదృష్టము. టంకము కరిగించి మరల మరల తీసినచో పలకపైని రాగిరేకులు లేచిపోవును. కూడిక బిందువుల వద్దనున్న నాలుగు 5532లను అట్లే ఉంచి, వాటి ప్రక్కన 0.1 మైక్రోఫారడు కండెన్సరులను తగిలించినాము; అవి లేనిచో వేగముగల ఐ.సి.లు చెవికి వినబడని ఎత్తున తమలో తామే ఊగులాడును. తక్కిన ముప్పదియారు చోట్ల పాత 072లే తిరిగి పెట్టినాము. వాటిని ఒక అగరువత్తుల డబ్బాలో పారవేయక దాచినాడు.

వారము తిరిగిన తరువాత అతడు మొదటి పెండ్లికి పోయినాడు. సన్నాయి ఆగిన వేళ ఏమి వినబడినదని ఫోనులో అడిగితిని. "పిల్లలు ఏడుస్తున్నరు సార్, అంతే" అన్నాడు.

మిగిలిన ముప్పదియారు 5532లను ఊరి ఉన్నత పాఠశాలకు ఇచ్చినాడు. పై సా పట్టిన బాలిక వాటిలో ఒకటి, 10 కిలో ఓముల నిరోధకములు మూడు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు రెండు తీసికొని అట్టముక్క మీద స్వార్ట్‌జెల్ కూడిక యంత్రమును కట్టినది. ఒకవైపు 1 వోల్టు, రెండవవైపు 2 వోల్టులు ఇచ్చి మీటరు చూడగా 3 చూపినది. గుర్తు మాత్రము ఋణము. ఋణము ఎందుకు వచ్చినదని ఇప్పుడు వారి ఉపాధ్యాయుని అడుగుచున్నారట.